అప్సితాత వచ్చిండు, ఆఁ

మా ఇంట్లో పసిపిల్లలకు బువ్వ తినిపించేటప్పుడు అందరూ ఒకే మాట అంటారు. "అప్సితాత వచ్చిండు, ఆఁ!" ఆ మాట వినగానే పిల్లలు నోరు తెరుస్తారు, ముద్ద లోపలికి పోతుంది. మా అమ్మ అంది, నేను అన్నాను, నా కోడలు అంది, ఇప్పుడు నా మనవడి భార్య అంటోంది. అప్సితాత ఎవరని మాత్రం ఇంతవరకూ ఎవరూ నన్ను అడగలేదు. పిల్లల్ని మభ్యపెట్టే మాటలకు అర్థాలేముంటాయిలే అనుకుని ఉంటారు.

మొన్న మునిమనవడికి జలుబు చేస్తే పట్నంలో డాక్టరుకు చూపించి, ఆరాంఘర్ దాటి ఇంటికి వస్తూ శంషాబాదు రోడ్డు మీద ఒక టిఫిన్ సెంటర్ దగ్గర ఆగాం. వాడు ఇడ్లీని చూడగానే మూతి బిగించాడు. మనవడి భార్య చెంచా పట్టుకుని, "అప్సితాత వచ్చిండు నానా, ఆఁ" అంది. వాడు మొహం తిప్పేసుకున్నాడు. ఆ పిల్ల బతిమాలింది, ముద్దు చేసింది, చివరికి విసిగింది. పక్క బల్ల దగ్గర ఒక నల్లటి యువకుడు కూర్చుని ఉన్నాడు. ఆఫ్రికా దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చినవాడై ఉంటాడు, మనలాగే చేత్తో దోశ తుంచుకుని తింటున్నాడు. ఆ పిల్ల అతని వైపు వేలు చూపించి, "తినకపోతే అగో, ఆ నల్లంకుల్ ఎత్తుకపోతడు సూడు!" అంది.

నా ఒళ్ళు మండింది. నాకు చెవులు సరిగ్గా వినబడవని మా ఇంట్లో వాళ్ళ ధైర్యం. కానీ ఇలాంటి మాటలు నాకు బాగానే వినబడతాయి. ఒకే నోటి నుంచి, ఒకదాని వెనక ఒకటి వచ్చిన ఆ రెండు మాటలూ ఒకే మనిషి వల్ల పుట్టినవని ఆ పిల్లకు తెలియదు. చెప్పడానికి మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. "చెంచా కింద పెట్టు" అన్నాను.

మా ఊరు శంషాబాదుకు ఆవల, రాళ్ళగుట్టల మధ్య ఉండేది. ఇప్పుడక్కడ విమానాలు దిగుతున్నాయి. మా వంటిల్లు ఎక్కడని ఎవరైనా అడిగితే, ఆ విమానం చక్రాలు నేలకానే చోట అని చెప్తాను. వాళ్ళు అయ్యో అంటారు. నేననను. కుసుమనూనె గానుగ వాసన, పెనం మీద సజ్జరొట్టె వాసన, తొలివానకు తడిసిన మేకల దొడ్డి వాసన నాకు ఇప్పటికీ వస్తాయి. గుట్టెక్కి చూస్తే దూరంగా పహాడీ షరీఫ్ దర్గా కనిపించేది. గుట్ట వెనక సీతాఫలం చెట్లుండేవి. కాయ కన్ను తెరిచిందో లేదో కోసుకొచ్చి గడ్డివాములో దాచడం, వాటిని మరొకరు దొంగిలించడం, ఆ పంచాయితీ తీర్చలేక మా నాయినమ్మ అందరినీ కలిపి తిట్టడం, అదీ మా బాల్యం.

ఇంట్లో బాపు, అమ్మ, నాయినమ్మ, నేను, ఒక తమ్ముడు. తమ్ముడికి అప్పుడే మాటలు వస్తున్నాయి. అన్నం దగ్గర మాత్రం వాడంత మొండివాడు చుట్టుపక్కల లేడు. బువ్వ గిన్నె కనబడితే చాలు, పెదాలు లోపలికి మడుచుకుని కూర్చునేవాడు. మా అమ్మ వాణ్ణి చంకన వేసుకుని వాకిట్లోకి వచ్చి, రోడ్డు వైపు చూపించి, గొంతు తగ్గించి అనేది, "అగో, హబ్షోడొస్తుండు! మింగు, జల్ది మింగు!"

వాడి కళ్ళు పెద్దవయ్యేవి, నోరు దానంతట అదే తెరుచుకునేది. అమ్మ ముద్ద పెట్టేసేది. ఒక్క మా అమ్మే కాదు, ఊళ్ళో తల్లులందరూ అలాగే చేసేవాళ్ళు. ఏ ఇంటి ముందు చూసినా సాయంత్రమైతే హబ్షోడు వస్తూనే ఉండేవాడు. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి హైదరాబాదులో నిజాం గుర్రపు ఫౌజులో పనిచేసినవాళ్ళనూ, వాళ్ళ పిల్లల్నీ ఆ రోజుల్లో హబ్షీలనేవాళ్ళు. నల్లగా, ఎత్తుగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాళ్ళు. మా ఊళ్ళో చాలామంది అలాంటి మనిషిని ఒక్కణ్ణే చూశారు. ఆయన వారం వారం మా ఊరికి వచ్చేవాడు.

ఆయన వచ్చేది జట్కా తోలుకుని. జట్కాలో మందులపెట్టె ముందు పెట్టుకుని ఒక క్రైస్తవ సన్యాసిని కూర్చునేది. తెల్లటి అంగీ, తల మీద ముసుగు, నడుముకు వేలాడే జపమాల. దగ్గరకు వస్తే ఫినాయిలు వాసన. ఆవిడది గుంటూరు వైపు. "అమ్మా, నాలుక చూపించండి. ఎన్నాళ్ళ నుంచి ఉందండీ దగ్గు?" అని ఆవిడ అడుగుతుంటే మా ఊరివాళ్ళు దగ్గు మరిచిపోయి నవ్వేవాళ్ళు. "గీమె మనకెందుకు అండీ పెడుతున్నదే?" అని మా నాయినమ్మ ఆశ్చర్యపడేది. మేం ఆవిడను మందులమ్మ అనేవాళ్ళం. ఆవిడ జట్కా తోలే ఆయన్ను జమాదారు గారు అని పిలిచేది. ఫౌజులో జమాదారనే చిన్న హోదాలో చేసి దిగిపోయాడట. ఊళ్ళో ఇంకెవరూ ఆయన్ను అలా పిలవలేదు.

మందులమ్మ చావడిలో కూర్చుని మందులిచ్చేది. జమాదారు ఊరి మొదట్లో ఆగిపోయేవాడు. ఊరు రావద్దంది, ఆయన రాలేదు. దూపైతే మాత్రం ఊరి అంచున ఉన్న బావి దగ్గరకు వచ్చి నిలబడేవాడు. ఎవరో ఒకామె చెంబు పైకెత్తి నీళ్ళు పోసేది. ఆ పొడుగు మనిషి నడుం వంచి, తల దించి, దోసిలి పట్టి తాగేవాడు. చెంబుకు ఆయన చెయ్యి తగలకూడదు. ఆయన ఒక్కడికే కాదు, మా ఊళ్ళో ఇంకా కొందరికి నీళ్ళు అలాగే పోసేవాళ్ళు. మందులమ్మ మాత్రం తాను తాగిన గ్లాసులోనే నీళ్ళు పోసి ఆయన చేతికిచ్చేది. అది చూసి బావి దగ్గర ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు.

పిల్లలం మేం తుమ్మ చెట్ల చాటు నుంచి ఆయన్ను చూసేవాళ్ళం. ఎవరు ఎంత దగ్గరకు పోగలరని పందెం. గుర్రం తోక ముట్టుకుని వచ్చినవాళ్ళకు మక్కకంకి. ఆయన మమ్మల్ని చూసి గుర్రం కళ్ళెం గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో దాని మెడ నిమురుతూ, "రాండ్రి, ఏం చెయ్యది. మంచిది, గరీబు జానవర్" అనేవాడు. ఆ గొంతు వినగానే మేం కేకలు పెట్టుకుంటూ పరుగు. మరుసటి వారం గుర్రాన్ని ఇంకా దూరంగా, కల్వర్టు అవతల కట్టేసి, తాను ఒక్కడే వచ్చి ఇవతల రాయి మీద కూర్చునేవాడు. అయినా మేం పరుగెత్తేవాళ్ళం. ఆ గుర్రాన్ని అంత దూరం ఎందుకు కడుతున్నాడో మాకు తెలియదు.

ఒకరోజు నాయినమ్మ దగ్గుమందు కోసం చావడికి పోతూ నన్నూ తీసుకుపోయింది. మందులపెట్టె మూత తెరిచి ఉంది. మూత లోపలి వైపు ఒక బొమ్మ అంటించి ఉంది. ఒక తెల్లాయన, పొడుగాటి నల్లంగీ వేసుకున్నవాడు, మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎదురుగా ఒక నల్లని మనిషి పెట్టె మీద కూర్చున్నాడు. ఇద్దరి చేతులూ ఒక గిన్నె మీద ఉన్నాయి. వెనక ఓడ.

నాయినమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "పాపం, గీ తెల్లాయనకు మస్తు దూపైనట్టున్నది. నల్లదొర మంచోడు, నీళ్ళిస్తుండు" అంది.

మందులమ్మ సీసా మీది నుంచి తలెత్తింది. "దొర కాదమ్మా..."

"దొర కాకుంటే కాళ్ళకు గంత లావు కడియాలేడియి?"

మందులమ్మ నవ్వబోయి ఆగింది. "అవి కడియాలు కావమ్మా, సంకెళ్ళు. ఆ తెల్లాయన మా మతంలో పునీతుడు. ఎన్నో ఏళ్ళ కిందట సముద్రాల అవతల ఉండేవారు. ఆ రోజుల్లో ఆఫ్రికా మనుషుల్ని గొలుసులతో కట్టి, ఓడల్లో కుక్కి తెచ్చి అమ్మేవారు. ఓడ ఒడ్డుకు రాగానే ఈయన నీళ్ళు, పళ్ళు, రొట్టెలు పట్టుకుని లోపలికి దిగేవారు. ఆ కంపుకు ఇంకెవరూ పోయేవారు కాదు. ఈయన వాళ్ళ పుళ్ళు కడిగి, తన అంగీ తీసి వాళ్ళకు కప్పేవారు. ముందు నీళ్ళు, తిండి. దేవుడి మాట ఆ తరువాతే."

"మనుషులను అమ్మిండ్రా? అంగట్ల గొడ్లను అమ్మినట్టు?"

"అవునమ్మా."

"ఏం తప్పు చేసిండ్రని?"

"ఏమీ చేయలేదు. నల్లగా ఉన్నారని, తమకంటే తక్కువవాళ్ళని అనుకున్నారు."

నాయినమ్మ తన మోచేతిని తిప్పి చూసుకుంది. "మేమేమన్న తెల్లగున్నమా!" అంది. తరువాత మళ్ళీ బొమ్మ దగ్గరకు వంగింది. ఆమెకు ఇంకా అనుమానం తీరలేదు. "అన్ని చెప్తున్నవు గని, ఇచ్చేటాయన ఎందుకు ఒంగిండమ్మా? ఇచ్చేటోడు నిలబడాలె, తాగేటోడు ఒంగాలె. ఎక్కడన్న గంతే గదా. మీ బొమ్మ గీసినోనికి తెల్వక ఉల్టా గీసిండు."

చావడి అరుగు మీద నుంచి చూస్తే బావి కనిపిస్తుంది. అప్పుడే అక్కడ జమాదారు నడుం వంచి దోసిలి పట్టాడు. మందులమ్మ అటు చూసింది. నాయినమ్మ కూడా చూసింది. దగ్గుమందు తీసుకుని ఇద్దరం ఇంటికి వచ్చేశాం. దారి పొడుగునా నాయినమ్మ తనలో తాను "కడియాలు గావంట" అనుకుంటూనే ఉంది.

ఆ వానాకాలం మా ఊరికి గత్తర వచ్చింది. ఇప్పుడు కలరా అంటారు. గత్తర అంటే ఆ రోజుల్లో పేరు తలవడానికే భయం. వాకిళ్ళలో సున్నం చల్లారు, గుమ్మాలకు వేపమండలు కట్టారు. పొద్దున వేపాకు పొగ, మధ్యాహ్నం వేపాకు పొగ. మైసమ్మకు మొక్కులు మొక్కుకున్నారు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా ముళ్ళకంప వేశారు. పై ఊరి మనుషుల వల్లే వచ్చిందని కొందరు, వారం వారం వచ్చే హబ్షోడే తెచ్చాడని మరికొందరు అన్నారు.

గత్తర కబురు విని మందులమ్మ తాను వచ్చే రోజు కాకపోయినా వచ్చింది. ముళ్ళకంపను జమాదారు చేతులతో లాగి పక్కన పడేశాడు. ఎవరూ అడ్డం రాలేదు. భయం ఎక్కువైతే మనుషులు అడ్డం రావడం కూడా మరిచిపోతారు. మందులమ్మ బావుల్లో లాల్ దవా అనే ఎర్రమందు కలిపించింది, నీళ్ళు కాచి తాగమంది. వాంతులు అవుతుంటే నీళ్ళు ఇవ్వకూడదని మా ఊళ్ళో గట్టి నమ్మకం. ఆవిడ ఇంటింటికీ తిరిగి, "ఇవ్వాలండీ, కొంచెం కొంచెంగా ఇస్తూనే ఉండాలి. ఉప్పు వేసిన గంజి చెంచాతో పట్టండి" అని మొత్తుకుంది.

ఆ పొద్దున్నే మా తమ్ముడు పడిపోయాడు. మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి, చర్మం వడిలింది, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. మందులమ్మ గంజి చెప్పక ముందే ఎవరో పెద్దమనిషి ఒక చేదు కషాయం చెప్పాడు. దాన్ని ఇద్దరు పట్టుకుని, దవడలు నొక్కి వాడి గొంతులో పోశారు. ఇక అంతే. ఆ తరువాత గిన్నె దగ్గరకు తెస్తే చాలు, ప్రాణం పోతున్నా వాడు పళ్ళు కరుచుకునేవాడు. అమ్మ బతిమాలింది, నాయినమ్మ తిట్టింది, బాపు ముక్కు మూసి చూశాడు. గంజి గడ్డం మీద నుంచి కారిపోయేది తప్ప లోపలికి ఒక్క చుక్క పోలేదు. అమ్మ గిన్నెను కింద పెట్టేసింది. నా తమ్ముడు చచ్చిపోతాడని అప్పుడు నాకు అర్థమైంది.

బాపు గోడ అవతలి ఇంటికి పరుగెత్తాడు. నేను వెనకే పోయాను. మందులమ్మ అక్కడ ఆ ఇంటి కోడలి నాడి పట్టుకుని కూర్చుని ఉంది. ఆ అమ్మాయికి స్పృహ లేదు.

"అమ్మా, మా పోరడు నోరు తెరుస్తలేడు. జర నువ్వు రా అమ్మా" అన్నాడు బాపు.

"ఈ పిల్లను వదిలి నేను ఒక్క అడుగు కూడా కదలలేనండీ. జమాదారు గారిని తీసుకెళ్ళండి. ఆయనకు ఓపిక ఎక్కువ. ఎలా పట్టాలో ఆయనకు తెలుసు."

బాపు కదల్లేదు. "ఆయననా? ఇంట్లకా? గది కుదరదమ్మా. మా అమ్మ..."

మందులమ్మకు కోపం వస్తే ఎలా ఉంటుందో నేను ఆ ఒక్కసారే చూశాను. గొంతు మాత్రం పెరగలేదు. "మీకు పిల్లవాడు కావాలా, గడప కావాలా? ఏదో ఒకటి తేల్చుకోండి" అంది.

బాపు వెళ్ళి తానే ఆయన్ను తీసుకొచ్చాడు. జమాదారు మా వాకిట్లో లాల్ దవా నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు, చెప్పులు విడిచాడు. గుమ్మంలో నాయినమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. లేవలేదు. ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. మా అమ్మ అత్తగారి ఎదుట అంత గట్టిగా మాట్లాడటం నేను అదే మొదలు వినడం.

"రానియ్యి అత్తమ్మా!"

నాయినమ్మ గోడకు జరిగింది. ఆయన మా దర్వాజకు తల తగలకుండా వంగి లోపలికి వచ్చాడు. చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గంజి గిన్నె అందుకుని, చెంచా నింపి, తమ్ముడి మొహం మీదికి వంగాడు.

తమ్ముడు కళ్ళు తెరిచాడు. ఇన్నాళ్ళూ వాకిట్లో నుంచి అమ్మ చూపించిన హబ్షోడు, ఎన్నడూ దగ్గరకు రాని హబ్షోడు, ఇప్పుడు కళ్ళ ముందే ఉన్నాడు. వాడికి ఏడ్చే శక్తి లేదు. హబ్షోడు వస్తే ఏం చెయ్యాలో వాడికి తెలిసింది ఒక్కటే. నోరు తెరిచాడు.

జమాదారు చెంచా వంచాడు. వాడు మింగాడు. మళ్ళీ ఆయన్ను చూశాడు, మళ్ళీ తెరిచాడు. కాసేపటికి కక్కాడు. ఆయన తన భుజం మీది రుమాలుతో మూతి తుడిచి, "కోయీ బాత్ నై బేటా" అని మళ్ళీ మొదలు పెట్టాడు. అమ్మ మూలకు పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తాను ఇన్నాళ్ళూ చెప్పిన మాట ఏం చేస్తోందో అందరికంటే ముందు ఆమెకు అర్థమైంది.

అలా పొద్దు గూకే దాకా. ఆయన ఒక్కసారి కూడా మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. దీపం పెట్టే వేళకు మా తమ్ముడు చాప తడిపాడు. ఆ మాట నాయినమ్మ అరుచుకుంటూ పోయి గోడ అవతల మందులమ్మకు చెప్పింది. "ఇక భయం లేదమ్మా, ఒంట్లో నీళ్ళు నిలిచాయి, చాలా మంచి గుర్తు" అని ఆవిడ అక్కడి నుంచే అంది. ఆ ఇంటి కోడలు కూడా అప్పటికి కళ్ళు తెరిచిందట. తడిసిన చాపకు మా ఇంట్లో అంత మర్యాద మళ్ళీ ఎన్నడూ జరగలేదు.

అమ్మ ఏడుపు ఆగలేదు. జమాదారుకు అర్థం కాలేదు. "క్యా హువా అమ్మా? పోరడు బతికిండు గదా, ఇంక ఎందుకు పరేషాన్?" అన్నాడు.

పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు. నాకు ఊరుకోవడం చేతకాదు, అప్పుడూ ఇప్పుడూ. "నువ్వొస్తున్నవంటేనే మావోడు బువ్వ తింటడు తాతా. మా అమ్మ రోజు గట్లనే చెప్తది. ఊర్ల అందరు గట్లనే చెప్తరు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, అమ్మను చూశాడు, ఖాళీ గిన్నె చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. "అరే, గిన్నొద్దుల సంది ఈ ఊరి పోరగాండ్ల కడుపులన్ని నేనే నింపుతున్ననన్నట్టు! నాకొక్కలు చెప్పలే!" అని, నవ్వు ఆపుకుని, "నా బీవీ సుత మా పిల్లలకు గట్లనే చెప్పేది. గోరా సోల్జరొస్తుండు, తిను అని. మావోళ్ళు తెల్ల మొకం కనబడితే మంచం కిందికి దూరేటోళ్ళు" అన్నాడు. అప్పుడు బాపు నవ్వాడు. అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఆయన గుర్రానికి దాణా పెట్టాలని బయటికి పోయాడు. నేను ఆయన వెనకే కల్వర్టు దాకా పోయాను. ఇక నాకు భయమేముంది? ఆయన గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మొహం మీద నవ్వు లేదు.

"బేటీ, మీ పోరగాండ్లు ఉరికేది నన్ను చూసా?"

"అవు తాతా."

"నేను గుర్రాన్ని చూసి అనుకున్న ఇన్నొద్దులు" అన్నాడు. గుర్రం మెడను తట్టి, "నిన్ను ఒట్టిగనే దూరం కట్టిన" అని దానికి చెప్పుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. గుర్రం దగ్గరకు పోయి దాని తోక కాదు, మూతే పట్టుకున్నాను. వెచ్చగా, తడిగా, శనగల వాసనతో ఉంది. ఆయన నన్ను ఆపలేదు.

మేం తిరిగి వచ్చేసరికి నాయినమ్మ గుమ్మంలో చెంబుతో నిలబడి ఉంది. ఆయనకు దూపై ఉంటుందని ఎవరూ చెప్పకుండానే తెచ్చింది. చెంబు చూడగానే ఆయన అలవాటు ప్రకారం నడుం వంచి దోసిలి పట్టాడు. నాయినమ్మ చెంబు ఎత్తలేదు. ఆయన అలా వంగే ఉన్నాడు, నీళ్ళు రాలేదు. తల ఎత్తి చూశాడు.

"చేతులు దించు. చెంబు పట్టుకో" అంది నాయినమ్మ.

ఆయన చెంబు పట్టుకుని, నిటారుగా నిలబడి, మూతి పెట్టి గటగటా తాగాడు. గోడ దగ్గర నుంచి మందులమ్మ చూస్తోంది. నాయినమ్మ ఆవిడ వైపు తిరిగి, "నీ బొమ్మ సమజైందమ్మా. గీసినోడు మంచిగనే గీసిండు. ఇచ్చేటోడు సుత ఒంగుతడు. ఇయ్యాల మా ఇంట్లనే చూసిన" అంది. మందులమ్మ ముసుగు అంచుతో కళ్ళు తుడుచుకుంది. నాయినమ్మ ఆ చెంబును ఎప్పటిలాగే చింతపండుతో తోమి, రోజూ బోర్లించే చోటే బోర్లించింది. రాత్రి బాపు దాంతోనే నీళ్ళు తాగాడు.

ఊరంతా ఒక్క రోజులో మారిందని చెప్పను. అలా చెబితే నాయినమ్మ పైనుంచి తిడుతుంది. కొన్ని ఇళ్ళు మారాయి, కొన్ని మారలేదు. మా అమ్మ మాత్రం మాట మార్చింది. తమ్ముడు కోలుకున్నాక మొదటిసారి జొన్న గటక తినిపిస్తూ, వాకిట్లో నిలబడి, అందరికీ వినబడేలా, "హబ్షీ తాత వచ్చిండు, ఆఁ!" అంది. గొంతు తగ్గించలేదు, బెదిరించలేదు. చుట్టం వచ్చినప్పుడు చెప్పినట్టు చెప్పింది. పక్కింటి కోడలు ఆ మాట పట్టుకుంది. ఆమె దగ్గర నుంచి ఇంకొకరు పట్టుకున్నారు.

తరువాతి వారం జట్కా గంట వినగానే మా తమ్ముడు దొడ్డికాళ్ళతో పరుగెత్తి, ఆయన ముందు నిలబడి నోరు తెరిచాడు. హబ్షీ తాత వస్తే నోరు తెరవాలి, అది వాడికి తెలిసిన పద్ధతి. ఆయన దగ్గర తినడానికి ఏమీ లేదు. జేబులన్నీ వెతుక్కుని, గుర్రం దాణాలోంచి ఒక శనగగింజ తీసి, అంగీకి తుడిచి వాడి నోట్లో వేశాడు. మరుసటి వారం నుంచి ఆయన రుమాలులో చక్కెర బతాసలు మూట కట్టుకుని వచ్చేవాడు. తుమ్మ చెట్ల చాటు నుంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. కొన్నాళ్ళకు జట్కా ఆగగానే పిల్లలందరం రోడ్డు పక్కన గూట్లో పిట్టపిల్లల్లా నోళ్ళు తెరుచుకుని నిలబడేవాళ్ళం. ఆయన వరసగా బతాసలు వేసుకుంటూ పోయేవాడు. గుర్రాన్ని ఇక దూరంగా కట్టలేదు.

రాజ్యం మారింది. గుర్రపు ఫౌజులు పోయాయి. మందులమ్మను వాళ్ళ మఠం ఇంకో ఊరికి పంపింది, జట్కా రావడం ఆగింది. జమాదారు ఏమయ్యాడో బాపు పట్నం పోయినప్పుడల్లా అడిగి చూశాడు, తెలియలేదు. నాయినమ్మ పోయింది, తరువాత ఊరే పోయింది. తమ్ముడు మాత్రం మనవళ్ళను ఎత్తుకునే దాకా బతికాడు. మొన్నమొన్నటి దాకా కూడా పెళ్ళిళ్ళలో అందరికంటే చివర విస్తరి ముందు నుంచి లేచేది వాడే. హబ్షీ తాత మాట ఇంట్లో నోటి నుంచి నోటికి అరిగి అరిగి అప్సితాత అయింది. మనిషి పోయి మాట మిగిలింది. ఆ మాటలోంచి కూడా మనిషి ఎప్పుడు జారిపోయాడో మాకు తెలియలేదు.

దోశ చల్లారేలోపు ఇదంతా చెప్పడం కుదరదు. ముఖ్యమైన ముక్కలు చెప్పాను. మా మనవడి భార్య వింటూ వింటూ పక్క బల్ల వైపు చూడటం మానేసింది. మొహం ఎర్రబడింది.

"అప్సితాత అంటే ఉత్తగ మాట అనుకున్న అవ్వా" అంది.

"ఉత్త మాట గాదు, మనిషి. అగో, గా పిలగాని లెక్కనే ఉండేటోడు. ఆయన చేతి గంజి పోకుంటే మీ చిన్నతాత, మా తమ్ముడు, బతికెటోడు గాదు."

ఆ యువకుడు మేం తన గురించే మాట్లాడుతున్నామని గ్రహించినట్టున్నాడు. చేతిలో దోశముక్క అలాగే ఉంచి, తల కొంచెం దించుకుని కూర్చున్నాడు. ఇలాంటి వేళ్ళు, చూపులు అతనికి కొత్త కావని ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది. నేను మునిమనవణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాను. అతని వైపు తిప్పి కూర్చోబెట్టాను. వాకిట్లో మా అమ్మ చెప్పినట్టే, గొంతు తగ్గించకుండా, అందరికీ వినబడేలా చెప్పాను.

"అగో నానా, అప్సితాత వచ్చిండు!"

వాడు అతన్ని చూశాడు. పైనుంచి కింది దాకా చూశాడు. ఇన్నాళ్ళూ పేరు విన్నవాణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తరువాత నోరు పెద్దగా తెరిచాడు. ఆ యువకుడు నావైపు చూశాడు. నేను ఇడ్లీ గిన్నె అతని ముందుకు జరిపి, వాడి నోటి వైపు చెయ్యి చూపించాను. అతను లేచి వచ్చి, చెయ్యి కడుక్కుని, వాడి ఎత్తుకు సరిపోయేలా మోకాలు వంచి కింద కూర్చున్నాడు.